మెడ కటింగు వెనక మొహం

మా వీధిలో ఆమెను అందరూ టేపు పిన్ని అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. దగ్గరి బంధువుల పెళ్ళిలో కూడా మరిచిపోయి టేపుతోనే ఫోటోలో పడింది. భర్త అది చూపించి వెక్కిరిస్తే, "మెడ బోసిగా లేదు కదా, ఊరుకోండి" అంది.

దుకాణం అంటే రెండు గదులు. వీధివైపు గదిలో పొడవాటి కటింగు బల్ల, దాని మీదికి బాగా కిందికి దించి కట్టిన బల్బు, గోడకు వేలాడే పూర్తికాని చొక్కాలు, కోట్లు. వెనక గదిలో కుట్టు మిషన్లు. పొద్దున పూట అక్కడ నేర్చుకునేవాళ్ళు కూర్చుంటారు. దుకాణం మూసే ముందు పిన్ని భర్త దారానికి కట్టిన అయస్కాంతాన్ని నేలంతా ఈడుస్తాడు. రాలిన గుండుసూదులన్నీ దానికి అతుక్కుని వస్తాయి. ఆయన ఒకప్పుడు బస్సు డ్రైవరు. నడుం పాడై స్టీరింగు వదిలేశాక గుండీలూ కాజాలూ ఆయన పని అయ్యాయి. "అంత బస్సు నడిపినవాడికి ఈ చిన్న కన్నంలో దారం పోనివ్వడం రావట్లేదోయ్" అంటాడు. "హారన్ కొట్టండి, అదే తప్పుకుంటుంది" అంటుంది ఆమె.

పిన్నికి కుట్టు ఎవరూ నేర్పలేదు. ఆమె వయసులో ఉన్నప్పుడు దర్జీలు కటింగు దాచుకునేవాళ్ళు. ఒకాయన దగ్గర గుండీలు కుట్టే పనికి కుదిరితే, బట్ట మీద కత్తెర పెట్టే వేళకు ఆయన సరిగ్గా ఆమెకు వీపు తిప్పి నిలబడేవాడట. "ఆయన వీపు మీద నాకు డాక్టరేటు ఇవ్వొచ్చు" అని ఇప్పటికీ నవ్వుతుంది. చివరికి పాత బట్టల కుప్పలోంచి ఒక చొక్కా కొనుక్కుంది. ఇంట్లో కూర్చుని బ్లేడుతో ఒక్కో కుట్టూ విప్పింది. విడిపోయిన ముక్కల్ని న్యూస్‌పేపరు మీద పరిచి చుట్టూ పెన్సిలు గీసింది. మళ్ళీ కుట్టింది. చొక్కా చెయ్యి తిరగబడ్డట్టు వచ్చింది. మళ్ళీ విప్పింది. "కుట్టడం కన్నా ముందు విప్పడం నేర్చుకున్నదాన్ని" అనేది ఆమె తన గురించి తాను గొప్పగా చెప్పుకునే ఒకే ఒక్క మాట.

అందుకే సొంత దుకాణం పెట్టుకున్న రోజునే ఒక నియమం పెట్టుకుంది. తన కటింగు ఎవరికీ దాచకూడదు. గుమ్మం పక్కన గోడకు పెద్ద మేకు కొట్టి, కాలర్లు, మెడలు, జేబులు, చేతుల అంచులు, అన్నిటికీ నమూనాగా కోసిన కాగితం కటింగులూ గుత్తిగా దానికి తగిలించింది. నేర్చుకునేవాళ్ళు తీసుకుపోవచ్చు. నేర్చుకోనివాళ్ళూ తీసుకుపోవచ్చు. దారినపోయే మనిషి ఆగి, "ఈ గుండ్రటి కాలరు బాగుందండీ" అంటే, "పట్టుకుపో, నీకే" అనేది. తోటి దర్జీలు ఆమెను పిచ్చిదాని కింద జమకట్టారు. ఆమెకు మాత్రం ఆ మేకును చూస్తే ఛాతీ విరుచుకున్నట్టు ఉండేది. ఊళ్ళో ఎక్కడెక్కడో తెలియని మనుషుల మెడల చుట్టూ తన వంపు తిరుగుతోందని.

ఆ కాగితం ఎక్కడిదంటే, పక్కనే ఉన్న జిరాక్సు షాపుది. న్యూస్‌పేపరు రెండుసార్లకే చిరుగుతుంది. జిరాక్సు కాగితం తెల్లగా, గట్టిగా ఉంటుంది, మెడకూ కాలరుకూ సరిపడా సైజు. ఆ షాపు కుర్రాడికి ఇప్పుడు నెత్తి మీద జుట్టు పలచబడింది గానీ పిన్నికి తమ్ముడే. వంకరగా వచ్చినవీ, మసిగా వచ్చినవీ ఒక అట్టపెట్టెలో పడేసి, నిండగానే తెచ్చి ఇచ్చేవాడు. "అక్కా, నీ బట్టలకు బట్ట తెచ్చాను" అనేవాడు. బదులుగా అతని షాపు కర్టెన్లూ మిషను మీద ముసుగూ పిన్ని కుట్టి పెట్టింది. ఇలా ఏళ్ళ తరబడి నడిచింది. ఒక వైపు అచ్చుంటే ఏం, రెండో వైపు ఖాళీయే కదా అని ఎవరూ రెండోసారి ఆలోచించలేదు.

ఒకరోజు పొద్దున, వెనక గదిలో క్లాసు జరుగుతుండగా, భుజానికి సంచి తగిలించుకున్న వసూలు మనిషి ఒకడు గుమ్మంలోకి వచ్చి ఆమె పూర్తి పేరు చదివాడు. ఆ పేరుతో ఆమెను పిలిచేవాళ్ళు లేరు కనక ముందు ఎవరూ పలకలేదు.

"మీరేనా మేడం? టీవీ, ఫ్రిజ్జు వాయిదాలు ఆగిపోయాయి. ఫోనెత్తరు, ఇంటికొస్తే పలకరు."

"ఏ టీవీ బాబూ?" అంది పిన్ని, నోట్లో పెట్టుకున్న గుండుసూదులు తీస్తూ.

"గోడంత టీవీ. కొనేటప్పుడు తెలిసిందిగా ఏ టీవీనో."

పిన్ని గోడల వైపు చూసింది. "ఈ గదిలో గోడంత టీవీ పెడితే గోడ ఎక్కడ పెట్టుకోవాలి నాయనా?"

వెనక గదిలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో అతనికి కోపం వచ్చింది. "నవ్వండి. అప్పు తీసుకునేటప్పుడు అందరూ ఇలాగే తియ్యగా ఉంటారు. ఇంతమందికి పాఠాలు చెప్పే మనిషి ఎగ్గొట్టడం బాగుందా?" అని గట్టిగా అన్నాడు. మిషన్లన్నీ ఆగాయి. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ బట్ట మళ్ళీ సంచిలో పెట్టుకుని, "తర్వాత వస్తా" అని వెళ్ళిపోయింది.

పోతూ పోతూ అతను గొంతు తగ్గించి ఒక దారి చూపించాడు. "సగం కట్టెయ్యండి మేడం. పై వాళ్ళతో మాట్లాడి మిగతాది మాఫీ చేయిస్తా. ఫైలు మూసేస్తారు."

మధ్యాహ్నం భోజనం దగ్గర భర్త నెమ్మదిగా ఆ మాటే ఎత్తాడు. "సగమేగా. కట్టేస్తే పీడా పోతుంది. నలుగురిలో పరువు."

"కడితే కొన్నది నేనే అయిపోతాను."

"కాదని మనకు తెలుసు కదా."

"మనకు తెలిస్తే చాలదు. వాడన్నది మనతో కాదు, నా పిల్లల ముందు." తన దగ్గర నేర్చుకునేవాళ్ళను ఆమె పిల్లలే అంటుంది, వాళ్ళలో కొందరికి మనవలున్నా. "రేపు మిషను మీద కూర్చున్న ప్రతి ఒక్కరూ మనసులో ఒక మాట అనుకుంటారు. ఆ మాటతో నేను కుట్టు నేర్పలేను."

కుట్టు తప్పినప్పుడు కంగారుపడి బట్ట లాగితే చిరుగుతుందనీ, ఎక్కడ మొదలైందో చూసి ఒక్కోటీ విప్పుకుంటూ రావాలనీ పిల్లలకు చెప్పేది ఆమే. ఆ సాయంత్రమే టేపు మెడలోంచి తీయకుండానే పోలీసు స్టేషనుకు నడిచింది.

ఇలాంటి మోసాలు చూసే బల్ల దగ్గర ఒక లేడీ ఆఫీసరు కూర్చుని ఉంది. చల్లారిపోయిన టీ పక్కన పెట్టుకుని, అంతా ఓపిగ్గా వింది.

"ముందు మీరు చేసిన మంచి పని చెప్పనా? డబ్బు కట్టలేదు. చాలామంది భయపడి కట్టేసి వస్తారు, అప్పుడు మేము చేసేది తక్కువ" అంది. తర్వాత ఫిర్యాదు రాయించుకుని, రసీదు చేతికిచ్చింది. "ఇది జాగ్రత్త. ఎక్కడికెళ్ళినా దీని నకలే చూపించండి. బ్యాంకుకెళ్ళి చెప్పండి, రహస్య నంబర్లు అన్నీ మార్చండి. ఫోను కంపెనీలో మీ పేరు మీద ఎన్ని కనెక్షన్లున్నాయో అడగండి. మీవి కానివి ఆపించండి. ఎవరెవరు ఎంతెంత అప్పు తీసుకున్నారో లెక్కలుంచే సంస్థ ఉంటుంది, అక్కడ మీ పేరుకు గుర్తు పెట్టమనండి. మీకు చెప్పకుండా మీ పేరున కొత్త అప్పు పుట్టదు. ఆ అప్పిచ్చిన కంపెనీకి మాత్రం నోటితో కాదు, కాగితం మీద చెప్పాలి. ఈ అప్పు నాది కాదు, నా పేరున మీకిచ్చిన పత్రాలు నాకు చూపించండి అని."

"ఇదంతా నేనే తిరగాలా అమ్మా? దొంగ ఎక్కడా తిరగడా?"

ఆఫీసరు నవ్వింది. "దొంగ ముందే తిరిగేశాడండీ మీ పేరు మీద."

పిన్ని తిరిగింది. ఫోను కంపెనీలో ఆమెకు తెలియని కనెక్షను ఒకటి బయటపడింది, ఆపించింది. బ్యాంకులో మర్యాదగా మాట్లాడారు. ప్రతి చోటా ఎవరితో మాట్లాడిందీ, ఏమన్నారూ పక్కనే నిలబడి భర్త రాసుకున్నాడు. "ట్రిప్పు షీటు రాసిన అలవాటు" అన్నాడాయన.

ఎక్కడికెళ్ళినా ఆమెను ఒకే ప్రశ్న అడిగేవాళ్ళు. మీ కార్డు ఎవరికైనా ఇచ్చారా? ఆమె ప్రతిసారీ తల ఎత్తి ఒకే జవాబు చెప్పేది. "నా కార్డు నా పెట్టె దాటదు. ఎవరికీ ఇవ్వను."

చివరికి అప్పిచ్చిన కంపెనీ ఆఫీసులో, అద్దాల కౌంటరు వెనక ఉన్న అమ్మాయి ఆ పత్రాలు తీసి ఆమె ముందు పెట్టింది. సంతకం ఎవరిదో. చిరునామా సగం తనది, సగం ఎవరిదో. గుర్తింపు కార్డు జిరాక్సు మాత్రం అచ్చంగా తనదే. కొంచెం మసిగా ఉంది. కింద కుడివైపు మూల తెగిపోయి ఉంది. తెగిన చోట నల్లటి నీడ ఒకటి గుండ్రంగా పడింది.

పిన్ని ఆ నీడ మీదికి వంగింది. వేలు పెట్టి దాని వెంబడి ఒకసారి నడిపింది. బయటకొచ్చి బస్‌స్టాపు బల్ల మీద కూర్చుంది.

"ఏమైందోయ్?" అన్నాడు భర్త.

"అది మెడ కటింగు. చిన్నపిల్లల గౌనుకి వేసే మెడ. ఆ వంపు నా చెయ్యే."

అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో బ్యాంకు పనికి కార్డు జిరాక్సు తీయించినప్పుడు మొదటిది మసిగా వచ్చింది. తమ్ముడు దాన్ని పెట్టెలో పడేసి ఇంకోటి తీశాడు. ఆ పెట్టె తన దగ్గరికే వచ్చింది. తన మొహం మీదే తను కత్తెర పెట్టింది. పెట్టి, మేకుకు తగిలించింది. ఎవరికి కావాలంటే వాళ్ళకు పట్టుకుపొమ్మంది.

ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. భర్త ఆ సామెత అనబోయి ఆపుకున్నాడు. ఆమే అంది. అని, ఇంకాసేపటికి, "నాదొక్కటేనా?" అంది.

ఆయనకు అర్థమైంది. ఆ మేకుకు ఉన్న గుత్తిలో వీధిలో సగం మంది మొహాలున్నాయి.

"అక్కడ కౌంటరు దగ్గర ఎవరూ కనిపెట్టలేదు" అన్నాడాయన. "నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే, నీ నిర్లక్ష్యమే కదా నువ్వే కట్టు అంటారేమో. వీధిలో వాళ్ళేమంటారో. నెమ్మదిగా ఆ కాగితాలు తగలబెట్టేద్దాం. చాలు."

"మేకు మీదున్నవి తగలబెడతాం. మేకు మీంచి పోయినవి?"

బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కలేదు. ఆ తర్వాతి బస్సుకు ఆమె లేచింది. "నేనెవరికీ వీపు తిప్పి కత్తెర పట్టలేదు. ఇప్పుడు తిప్పను" అంది.

ముందు వెళ్ళింది జిరాక్సు షాపుకే. తమ్ముడు విని తెల్లబోయాడు.

"అక్కా, ఈ మాట బయటకొస్తే నా షాపులో కార్డు ఎవరు పెడతారు?"

"బయటకు నేను తేకపోయినా వస్తుంది. వసూలువాడు ఇంకో గుమ్మంలోకి వచ్చిన రోజున."

"నేనూరికే ఇచ్చాను కదే నీకు. మంచికి పోతే..."

"నేనూ ఊరికే ఇచ్చాను రా అందరికీ. మన మంచితనం బాగానే ఉంది, మన కాగితానికే రెండో వైపుంది. నిన్ను ముందు పెట్టి నేను వెనక దాక్కోను. కత్తెర పెట్టింది నేనని చెబుతాను. నువ్వు మాత్రం ఆ పెట్టె ఇవాళే తీసెయ్."

మర్నాడు క్లాసులో ఆమె మిషన్లు ఆపించింది. మేకు మీంచి గుత్తి తీసి బల్ల మీద తిరగేసి పరిచింది. కాలర్ల వెనక, జేబుల వెనక, ఎవరివో కార్డులు, జీతం చీటీలు, ఇంటి అద్దె పత్రాలు. కొన్ని సగం మొహాలు, కొన్ని నిండు మొహాలు. గదిలో ఎవరూ నవ్వలేదు.

"తప్పు నాది. మీకు నేనిచ్చినవన్నీ వెనక్కి తెచ్చి ఇవ్వండి. మీరు ఎవరికైనా ఇచ్చి ఉంటే వాళ్ళ దగ్గర్నుంచి కూడా. ప్రతి కటింగూ కొత్తగా చేసి ఇస్తాను" అంది.

తర్వాత ఎవరెవరి కార్డులు బయటపడ్డాయో వాళ్ళ గుమ్మాలన్నీ తొక్కింది. కొందరు "పోనీలే పిన్నీ" అన్నారు. మందుల షాపావిడ మాత్రం ఊరుకోలేదు. "నా మొహం ఎవడింట్లో తిరుగుతోందో ఏమో. నీ దానధర్మం నా కార్డుతోనా?" అని నిలబెట్టి అడిగింది. పిన్ని నిలబడి మొత్తం విన్నది. ఆవిడ అలిసిపోయి ఆగాక, "బ్యాంకులో ఏం చెప్పాలో, ఫోను కంపెనీలో ఏం అడగాలో నాకిప్పుడు వచ్చు. రేపు నాతో రా, నేను చేయిస్తాను" అంది. ఆవిడ రానంది. మర్నాడు పొద్దున దుకాణం తెరవకముందే వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఆవిడ పేరు మీద ఎవరూ ఏమీ కొనలేదని తేలిన రోజున ఇద్దరూ కలిసి టీ తాగారు.

పోలీసు స్టేషనుకు రెండోసారి వెళ్ళినప్పుడు పిన్ని ఆ గౌను మెడ కటింగు ఒకటి తీసుకెళ్ళింది. "కార్డు ఎవరికీ ఇవ్వలేదని మీకు గొప్పగా చెప్పాను. అబద్ధమని తెలియక చెప్పాను. నేనే గోడకు తగిలించాను. ఎవరు పట్టుకుపోయారో మాత్రం నాకు తెలియదు. రాసుకోండి" అంది.

ఆఫీసరు ఆ కటింగును కంపెనీ పంపిన నకలు మీద పెట్టి చూసింది. వంపు వంపులో కూర్చుంది.

"అమ్మా, మీరిది ఎందుకు దాచలేదు?"

"దాచితే మిగతావాళ్ళను ఎలా జాగ్రత్తపడమంటాను?"

"మంచి పని చేశారు. అసలు కార్డు చేతిలో ఉన్న మనిషి మూల తెగిన జిరాక్సు తెచ్చి ఇవ్వదు. అసలు కార్డు చూసి అప్పివ్వాల్సింది ఆ కంపెనీవాళ్ళు. చూడలేదని ఈ మూలే చెబుతోంది. అజాగ్రత్త వేరు, అప్పు వేరు. అజాగ్రత్త మీది. అప్పు మీది కాదు."

ఆ మాటే కాగితం మీద కంపెనీకి వెళ్ళింది. జవాబు వెంటనే రాలేదు. పిన్ని వెళ్ళి అడిగింది, మళ్ళీ వెళ్ళి అడిగింది. అద్దాల కౌంటరు అమ్మాయికి ఆమె మెడలో టేపు గుర్తుండిపోయి, చూడగానే కుర్చీ వేసేది. కుర్చీలో కూర్చుని పిన్ని చిరిగిన చొక్కాలకు చేతికుట్టు వేసుకునేది. ఎదురుచూపుకు కూడా పని పెట్టింది ఆవిడ. చివరికి ఉత్తరం వచ్చింది. ఆ కొనుగోలుకూ ఆమెకూ సంబంధం లేదనీ, ఆమె పేరు మీది మచ్చ తీసేయించామనీ, జరిగిన ఇబ్బందికి చింతిస్తున్నామనీ. దొంగ ఎవరో ఇప్పటికీ తెలియలేదు. ఆమె ఆ ఉత్తరాన్ని చదివి, మడిచి, కటింగు బల్ల సొరుగులో పెట్టి తన పనిలో పడింది. పటం కట్టించుదామన్న భర్తకు, "ఎవరికోసం?" అంది.

ఎవరికోసమో ఆ తర్వాత తెలిసింది.

వసూలు మనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి సంచిలో కాగితాలు లేవు. చొక్కా జేబు ఊడి వేలాడుతోంది. ఎవరో గుమ్మంలో గట్టిగానే పట్టుకుని లాగి ఉంటారు. ఆ వైపు వీధుల్లో అప్పటికప్పుడు జేబు కుట్టేది ఇంకెవరూ లేక వచ్చినట్టున్నాడు. తల కొంచెం పక్కకు తిప్పి, "జేబు కుట్టాలి మేడం. అర్జంటు" అన్నాడు.

అతను విప్పి ఇచ్చిన చొక్కా పిన్ని చేతిలోకి తీసుకుని చూసింది. "ఇవాళ ఎవరి టీవీ కోసం?"

అతను నవ్వలేకపోయాడు. "డ్యూటీ మేడం. పేపర్లో పేరుంటే వెళ్ళాలి."

"వెళ్ళు. తప్పు లేదు. జేబు ఇప్పుడే కుడతా. ముందు ఒక పని ఉంది." సొరుగు లాగి ఉత్తరం తీసి అతని చేతికిచ్చింది. "చదువు."

అతను లోపల్లోపల చదువుకున్నాడు. "తెలుసు మేడం. ఆఫీసులో చెప్పారు."

"నాకు కాదు. ఆ రోజు నువ్వు ఎక్కడ నిలబడ్డావో అక్కడ నిలబడి, ఎంత గట్టిగా అన్నావో అంత గట్టిగా చదువు. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే తీసుకోవాలి."

బనీను మీద నిలబడ్డ మనిషికి ఎక్కడికీ పోవడానికి లేదు. చొక్కా ఆమె చేతిలో ఉంది. భర్త గుండీల డబ్బా పక్కన పెట్టి వెనక గది తలుపు బార్లా తెరిచాడు. మిషన్లు ఒకటొకటిగా ఆగాయి. కొలతలకు వచ్చి కూర్చున్న మందుల షాపావిడ కూడా అటు తిరిగింది.

అతను చదివాడు. మొదట నసిగాడు. "వినపడట్లేదు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. రెండోసారి మొదలుపెట్టి మొత్తం చదివాడు. ఆమె పూర్తి పేరు వచ్చిన ప్రతి చోటా అతని గొంతు కొంచెం తగ్గింది. పిన్ని మాత్రం అంతసేపూ జేబు మీద మిషను పాదం దించి పెట్టి, తొక్కకుండా, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. ఉత్తరం అయిపోయింది. ఆమె కాలు కదిలింది. మిషను నడిచింది. దాని వెనక మిగతా మిషన్లూ నడిచాయి.

జేబు మామూలుకన్నా గట్టిగా, రెండు వరసల కుట్టుతో వేసింది. "ఈసారి లాగినా ఊడదు" అని చొక్కా అందించింది. డబ్బులు తీసుకుంది. ఊరికే కుట్టి పంపుతుందేమో అనుకున్నాను, నా తప్పు. "పనికి డబ్బులు, మాటకు మాట. రెండూ బాకీ లేవు" అంది.

గుమ్మం దాటుతూ అతను మేకు దగ్గర ఆగాడు. ఇప్పుడు దానికి ఖాకీ కాగితం కటింగులు వేలాడుతున్నాయి. రెండు వైపులా ఏమీ లేని కాగితం.

"ఇవి ఎవరికైనా ఇస్తారంట కదా మేడం? మా ఆవిడ కుట్టు మొదలుపెట్టింది."

పిన్ని గుత్తిలోంచి ఒక కాలరు తీసింది. వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ ముందుకు తిప్పి అతని చేతిలో పెట్టింది.

"పట్టుకుపో. తెలియకపోతే వచ్చి అడగమను" అంది.